కడబంతి, ఓవర్

నోరున్నవాడిదే రాజ్యం అన్నారు పెద్దవాళ్ళు. నోటికి లైసెన్సు అక్కర్లేని రోజుల్లో అన్నారు గనక చెల్లిపోయింది. రేవులంకలో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ క్యాటరింగు చేసే వంకాయల విస్సన్నకి రెండు నోళ్ళుండేవి. ఒకటి దేవుడిచ్చినది. రెండోది ప్రభుత్వంవారు పరీక్ష పెట్టి, మార్కులు చూసి, ముద్ర కొట్టి మరీ ఇచ్చినది. ముందు ఆ రెండోదానికి పట్టిన గతి చెబుతాను. మొదటిదాని సంగతి తరవాత చూద్దాం.

పదో తరగతి పరీక్ష విస్సన్నని మూడుసార్లు తిప్పి పంపింది. ఆ తరవాత గరిటె పట్టాడు, చెయ్యి తిరిగింది, పేరొచ్చింది, నాలుగు రాళ్ళు వెనకేశాడు. కానీ ఏం చదువుకున్నావని ఎవరన్నా అడిగితే మాత్రం పొయ్యిలో మంట చూసే వంకతో తల తిప్పేసుకునేవాడు. అలాంటి మనిషి నలభై దాటాక ఔత్సాహిక రేడియో పరీక్షకి కూర్చున్నాడు. అదేమిటయ్యా అంటే, ఇంట్లో సొంత రేడియో పెట్టుకుని ఎక్కడెక్కడి వాళ్ళతోనో గాలిలో ఊరికే సరదాకి కబుర్లు చెప్పుకోవచ్చునని ప్రభుత్వం ఇచ్చే అనుమతి. సరదా కోసం పరీక్ష రాయడమేమిటి, విడ్డూరం కాకపోతే, అని భార్య మంగతాయారు బుగ్గలు నొక్కుకుంది. విస్సన్న పట్టు వదల్లేదు. రాత్రనక పగలనక చదివి పాసయ్యాడు.

సర్టిఫికెట్టు మీద అతనికో పిలుపు పేరు వేసి ఇచ్చారు. అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ పేరు లోకంలో ఇంకెవరికీ ఉండదట. దాన్ని పటం కట్టించి సత్యనారాయణస్వామి పక్కన తగిలించాడు. స్వామికి దండ వెయ్యడం ఎప్పుడన్నా మరిచిపోయాడేమో గాని, ఈ పటం అద్దం తుడవడం మాత్రం మరిచిపోలేదు.

ఇంట్లో పెద్ద రేడియో పెట్టాడు, డాబా మీద తీగలు కట్టాడు. తెల్లవారగానే కూర్చుంటే సముద్రానికి అవతలనుంచి, పోర్ట్ బ్లెయిర్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే చిన్నారావు పలికేవాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎరగరు. కులగోత్రాలు కనుక్కోకుండానే గాలిలో బావా అని వరస కలుపుకున్నారు. ఇవాళ ఏం వంట బావా, ఓవర్, అనేవాడు చిన్నారావు. ఓవర్ అంటే నా మాట అయింది, ఇక నీ వంతు అని. విస్సన్న ఆ పూట వంటకాలన్నీ ఏకరువు పెట్టి, పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలో చెప్పి, ఓవర్ అనేవాడు. అవతల గుటక మింగిన చప్పుడు కూడా వినపడేది. ఈ భాగ్యానికి అన్ని తీగలెందుకు, ఫోన్లో మాట్లాడుకోవచ్చుగా, అంది ఒకసారి మంగతాయారు.

"ఫోన్లో ఎవడైనా మాట్లాడతాడే. దానికి పాసవ్వక్కర్లేదు," అన్నాడు విస్సన్న.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. మనిషికి ఆశ ఎక్కువ. రెండు చేతి రేడియోలు కూడా కొన్నాడు. ఫంక్షన్ హాళ్ళలో వంట పెరట్లో, భోజనాలు మేడమీద. వంటవాళ్ళ చేతులు పిండిలో ఉంటాయి, ఫోనెత్తే దిక్కుండదు. ఒక రేడియో వంటమేస్త్రీ మెళ్ళో కట్టి, రెండోది తను పట్టుకుని పైన నిలబడేవాడు. "మొదటి బంతి లేచింది. ఆకులెత్తండి. ఓవర్." "రెండో బంతి వేస్తున్నాం. గారెలు పంపండి. ఓవర్." భోజనాల వరసని గోదావరి జిల్లాల్లో బంతి అంటారని మీకు తెలుసు, నాకు తెలుసు. తెలియనివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళెక్కడుంటారో కాసేపట్లో చూస్తారు.

తోటి రేడియోవాళ్ళు ఊరుకోలేదు. విస్సన్నగారూ, ఇది సరదా తరంగం, సాంబారు తరంగం కాదు, దీనిమీద వ్యాపారం మాట్లాడకూడదు, అని మర్యాదగానే చెప్పారు. నిజమేననుకుని, వాళ్ళని ఇబ్బంది పెట్టకుండా ఉండటానికి విస్సన్న ఇంకా పెద్ద తప్పు చేశాడు. చేతి రేడియోల మూతలు విప్పి, లోపల ఆవగింజంత ముక్క ఒకటి పీకేశాడు. ఆ ముక్క ఉన్నంతకాలం ఆ రేడియో తన హద్దులో తను ఉంటుంది. పీకేస్తే ఊరుమీద పడుతుంది, ఎవరి తరంగం మీదనైనా పలుకుతుంది. అది నేరమని, పట్టుబడితే సెట్టు పోతుందని, లైసెన్సు పోతుందని, జైలు కూడా ఉండొచ్చని విస్సన్నకి తెలుసు. పరీక్షలో ఆ ప్రశ్నకి సరైన జవాబు రాసి మార్కు తెచ్చుకున్నవాడే మరి.

గాలిలో ఎవరూ లేరనుకున్న చోటు ఒకటి చూసుకుని అక్కడ వడ్డనలు మొదలుపెట్టాడు. ఆ చోటు గోదావరిమీద లాంచీలు నడిపే కంపెనీవాళ్ళది. ఏటా డబ్బు కట్టి తీసుకున్న వాణిజ్య తరంగం. పాపికొండలు తిరిగొచ్చే లాంచీవాళ్ళకి సరిగ్గా ఆకలేసే వేళకి, బొబ్బట్లమీద నెయ్యి మరిచిపోకండి ఓవర్, అని వినబడేది. వాళ్ళేం ఋషులా? లగ్గాల రోజుల్లో లాంచీలు ఒక్కటీ వేళకి రేవు చేరలేదు. ఫంక్షన్ హాలు దగ్గరున్న మెట్లకి కట్టేసి, డ్రైవర్లు మూడో బంతిలో కూర్చుని కనబడేవారు. కంపెనీ మేనేజరు కడుపు మండి ఫిర్యాదు పెట్టాడు.

ఫిర్యాదు వెళ్ళినది తరంగ క్రమశిక్షణ ఉపకార్యాలయానికి. రేవులంకలో అలాంటి ఆఫీసు ఒకటుందని అంతవరకూ జనానికి తెలియదు. నాలుగంతస్తుల మేడ, లిఫ్టు ఉంది, పనిచెయ్యదు. దానికి అధిపతి ఉప తరంగాధికారి పరంజ్యోతిగారు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగినా "త్రాగుటకు జలము కోరడమైనది" అంటారని చెప్పుకునేవారు. ఆయన కింద తాతబ్బాయి అని ఒక శ్రోత. చెవులకి గొట్టాలు తగిలించుకుని రోజంతా గాలిలో మాటలు వినడం, తేడా వస్తే రికార్డు చెయ్యడం అతని ఉద్యోగం. సన్నగా, ఎప్పుడూ ఆకలిగా ఉండే మనిషి. ఇంటినుంచి తెచ్చుకునేది పెరుగన్నం, చెవిలో పడేది విస్సన్న మెనూ. ఆ కష్టం పగవాడికి కూడా వద్దు.

తాతబ్బాయి రికార్డు చేసినది పరంజ్యోతిగారు కళ్ళు మూసుకుని విన్నారు. "మూడో బంతి అయింది. ఆరు తక్కువొచ్చాయి. ఓవర్." "నాలుగో బంతికి పెద్దాయన దిగుతున్నాడు. జాగ్రత్త. ఓవర్." "కడబంతిలో మనవాళ్ళున్నారు. చూసి వెయ్యండి. ఓవర్." కళ్ళు తెరిచేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"క్రికెట్టు బెట్టింగు," అన్నారు.

వంటలాగా ఉందండీ, అని తాతబ్బాయి గొణిగాడు. వినుట శ్రోత విధి, అర్థము చేసుకొనుట అధికారి విధి అని ఆయన మందలించారు. ఆరు బంతులకి ఒక ఓవరు అన్నది లోకమంతా ఎరిగిన నియమము. ఈ ముద్దాయి బంతి బంతికీ ఓవర్ అంటున్నాడు, అంటే అది సంకేతము, అని తేల్చేశారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఈయన దూడకి పేరు కూడా పెట్టారు.

దాడికి మంచి లగ్గం చూసుకుని వచ్చారు. అనుమానం రాకూడదని సిబ్బంది అంతా పట్టుపంచెలు కట్టుకుని, మగపెళ్ళివారిలో కలిసిపోయి, రెండో బంతిలో కూర్చున్నారు. సాక్ష్యము సంపూర్ణముగా సేకరించవలెను గనక పెరుగుదాకా ఆగారు. కిళ్ళీ కూడా వేసుకున్నారు. చట్టం ఎంగిలి చెయ్యి కడుక్కుని, ఆ తడి చేత్తోనే విస్సన్న చెయ్యి పట్టుకుంది.

చేతి రేడియోలు రెండూ పోయాయి. అవి పోవాల్సినవే, విస్సన్న కాదనలేదు. కానీ పరంజ్యోతిగారు అక్కడినుంచి తిన్నగా ఇంటికొచ్చి, ఏ పాపమూ ఎరగని పెద్ద రేడియోని కూడా ఎత్తించారు. దాని మూత నేనెప్పుడూ విప్పలేదండీ, దానికీ దీనికీ సంబంధం లేదండీ, అని విస్సన్న బతిమాలుకున్నాడు. ఒకే కప్పు క్రింద నివసించు రేడియోలను ఒకే కుటుంబముగా భావించవలెను అన్నారు ఆయన. కందకు లేని దురద కత్తిపీటకెందుకో గాని, గోడమీది పటం వంక కూడా చూసి, విచారణ తేలేదాకా ఇది తాత్కాలికము అని వేలు చూపించి వెళ్ళారు.

మర్నాడు తెల్లవారగానే విస్సన్న అలవాటుగా లేచి ఆ బల్ల ముందే కూర్చున్నాడు. బల్లమీద రేడియో ఉన్నచోట దుమ్ము లేని చదరం మాత్రం మిగిలింది. అక్కడ చిన్నారావు పిలుస్తూ ఉంటాడు, ఇక్కడ పలికేది ఎవరు? జైలుకి వెళ్ళినా వెళ్ళిరావచ్చు. పటం పోతే? ఊళ్ళో మళ్ళీ తను పదో తరగతి ఫెయిలే. మంగతాయారు కాఫీ పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆమె ఏమీ అనలేదంటే పరిస్థితి ఎంత ఘోరంగా ఉందో ఊహించుకోండి.

విచారణ రోజున విస్సన్న ఒకటే అనుకుని వెళ్ళాడు. ఉన్నది ఉన్నట్టు ఒప్పేసుకుని, కాళ్ళో గడ్డమో పట్టుకుని, పెద్ద రేడియోనీ పటాన్నీ దక్కించుకోవాలి. మూతలు విప్పినది నేనేనండీ, తప్పేనండీ, అన్నాడు. పరంజ్యోతిగారికి అది నచ్చలేదు. నేరస్థుడే నేరం ఒప్పేసుకుంటే ఇంత కార్యాలయం ఉన్నది దేనికి? బెట్టింగు సంగతి చెప్పమన్నారు. అది బంతండీ, భోజనాల బంతి, అన్నాడు విస్సన్న. బంతి అనగా గుండ్రనిది, విసరబడునది, అన్నారు ఆయన. ఆయన ఉద్యోగమంతా పై ఊళ్ళలో, భోజనమంతా బల్లమీద జరిగింది పాపం.

విస్సన్నకి ఏం చెప్పాలో తోచక, చిన్నప్పటినుంచీ విన్న సామెత పట్టుకున్నాడు.

"అదేంటండీ బాబూ, పెద్దోళ్ళు చెప్పలేదేంటండీ. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని."

పరంజ్యోతిగారు నెమ్మదిగా కుర్చీలో ముందుకి జరిగారు.

"మనవాడు అనగా లోపలి మనిషి," అన్నారు. "కడబంతి అనగా ఓవరులో ఆఖరిది. ఫలితము ముందుగానే నిర్ణయింపబడినది. విస్సన్నా, నీవు మ్యాచి ఫిక్సింగు కూడా ఒప్పుకొనుచున్నావు."

మూలన కూర్చున్న తాతబ్బాయి చెవిగొట్టాలు తీసి తల పట్టుకున్నాడు. అంతకంటే అతని స్థాయిలో ఎవరూ ఏమీ చెయ్యలేరు.

సామెత ఎవరు చెప్పారో వారి చిరునామా ఇమ్మన్నారు. పెద్దలండీ అంటే, పెద్దలు పరారీలో ఉన్నారని రాసుకున్నారు. మాటకి అర్థం తేల్చమని భాషా నిపుణుల సంఘానికి పంపితే, బంతి అనగా ఆడుకొనునది, భుజించువారి వరుస, ఒకానొక పువ్వు అని జవాబొచ్చింది. మొదటి అర్థంలో నేరముంది, రెండో అర్థంలో భోజనముంది, పువ్వు మాత్రం తమ పరిధిలోకి రాదని ఉద్యానశాఖకి ఒక ప్రతి పంపారు. ఉద్యానశాఖవారు విస్సన్న పెరట్లోకొచ్చి పూలమొక్కలు పరిశీలించి, ఇవి చేమంతులని ధ్రువీకరించి వెళ్ళారు. బెట్టింగు కేసు అంతటితో వాడిపోయింది.

మిగిలినది రేడియో విప్పిన కేసు. నిజానికి అది అసలైన నేరం, ముద్దాయే ఒప్పుకున్న నేరం. కానీ ఒప్పుకోలు వేరు, రుజువు వేరు. ఈ సెట్టు వాణిజ్య తరంగము మీద పలుకునని రుజువు చెయ్యాలంటే పలికించి చూడాలి. ఆ తరంగం మీద లైసెన్సు లేనివారు పలికించరాదు. ఆఫీసుకి లైసెన్సు లేదు. లైసెన్సులు ఇచ్చే ఆఫీసుకి లైసెన్సు ఎవరివ్వాలన్నది చట్టంలో ఎక్కడా లేదు. అక్కడ బండి ఆగిపోయింది.

పోనీ, ఆ ముక్క నా దగ్గరే ఉందండీ, మళ్ళీ అతికించేసి ఇస్తానండీ, అన్నాడు విస్సన్న. అగ్గిపెట్టెలో దాచి తెచ్చాడు కూడా. పరంజ్యోతిగారు ఆ అగ్గిపెట్టె వంక పామును చూసినట్టు చూశారు. విప్పుట మొదటి నేరము. అతికించుటకు మరల విప్పవలెను గదా, అది రెండవ నేరము, అన్నారు. మార్పును మార్చుట కూడా మార్పే.

ఈ వాక్యం ఆయనకి ఎంత నచ్చిందంటే, దానిమీద ఊరందరికీ ఒక ఉత్తర్వు వేశారు. మార్పుచేయబడినవే గాక, మార్పునకు వీలున్న ప్రతి ధ్వని పరికరమూ నేరసామర్థ్యము కలదిగా భావించి పరీక్షకు తీసుకురావలెనని. రామాలయం మైకు సెట్టు వచ్చింది. ఐస్‌ఫ్రూటు బండి గంట వచ్చింది. ఒకావిడ ప్రెషర్ కుక్కరు పట్టుకొచ్చి, మూడో విజిలు ఈమధ్య మారిందండీ, నేరమేమో చూడండి, అని లైన్లో నిలబడింది. సిబ్బంది ఆ కుక్కరుని మూడు రోజులు ఉంచుకుని, పప్పు ఉడుకుతోందని రాసిచ్చారు. పెద్దాస్పత్రి అంబులెన్సు కూతని పరీక్షకి పెట్టమంటే మాత్రం ఆ డ్రైవరు, నాకు కేసుందండి, వెళ్ళాలి అని ఆగకుండా పోయాడు. అతనిమీద కూడా కేసుంది.

ఇంత చక్కటి పనితీరు పైకి తెలియకుండా ఉంటుందా? తరంగ క్రమశిక్షణ వారోత్సవం ఈ ఏడు రేవులంకలోనే జరపాలని, సంచాలకులవారు స్వయంగా విచ్చేస్తారని కబురొచ్చింది. సంచాలకులవారికి క్రమశిక్షణ తరవాత ఇష్టమైనది భోజనం. ఆకేసి, నేలమీద బంతి వేసి వడ్డించే అచ్చమైన గోదావరి భోజనం కావాలన్నారట. రేవులంకలో అలాంటి భోజనం పెట్టేవాడు ఒక్కడే ఉన్నాడు.

పరంజ్యోతిగారు విస్సన్నకి కబురంపారు. ముద్దాయిగా కాదు, వంటవాడిగా రావలెను అని. విచారణ నీకు అనుకూలముగా పరిశీలింపబడవచ్చును, అని ఒక మాట వదిలారు. పిలిచి పిండివంట పెట్టమంటే ఆ ఆశకి విస్సన్న కరిగిపోయాడు. పెద్ద రేడియో వస్తుంది, పటం గోడమీదే ఉంటుంది, చిన్నారావు మళ్ళీ పలుకుతాడు. మూడు రకాల పులిహోరలు చేస్తానని మాటిచ్చాడు.

వంట ఆఫీసు కింద పెరట్లో. భోజనాలు పైన డాబామీద, నాలుగు అంతస్తులు దాటి. వారోత్సవం సందర్భంగా తరంగ మౌనం పాటిస్తున్నామంటూ, గుమ్మంలోనే అందరి ఫోన్లూ తీసుకుని బుట్టలో వేసి తాళం పెట్టారు. శ్రోత తాతబ్బాయిని మాత్రం ఆ మౌనం సరిగ్గా అమలవుతోందా లేదా వినమని కింద గదిలో చెవిగొట్టాలతో కూర్చోబెట్టారు. పండగపూట కూడా పాపం పెరుగన్నమే.

మొదటి బంతి చిన్న ఉద్యోగులది, ఎలాగో గడిచింది. మెట్లమీద మనుషులు పరిగెత్తి పరిగెత్తి నాలికలు బయటపెట్టారు. రెండో బంతిలో సంచాలకులవారు కూర్చున్నారు. ఆకు వేశారు, నీళ్ళు చల్లారు, ఉప్పు వేశారు, ఆవకాయ వేశారు. అంతే. పైన పప్పు అయిపోయిందని కింద తెలియదు, కింద అన్నం వార్చారని పైన తెలియదు. కూర మోసుకొస్తున్నవాడు మూడో అంతస్తులో మజ్జిగ మోసుకెళుతున్నవాడిని ఢీకొట్టాడు. సంచాలకులవారు ఆవకాయ వంక చూస్తున్నారు. ఆయన్ని చూసి పరంజ్యోతిగారు చెమటలు కక్కుతున్నారు.

పావుగంటకి పరంజ్యోతిగారి ఓర్పు తెగింది. మూడో అంతస్తులో సాక్ష్యాల గది తాళం తీశారు. ముద్ర చించారు. విస్సన్న చేతి రేడియోలు రెండూ తీసి, ఒకటి తను పట్టుకుని, రెండోది కిందికి పరిగెత్తి విస్సన్న చేతిలో పెట్టారు. దీనిని పరీక్ష అనుకొనుము, అన్నారు రొప్పుతూ. ఆ మాట కాగితమ్మీద రాసివ్వండి, అని విస్సన్న నోటిదాకా వచ్చింది. పట్టుకుంటే ఏమవుతుందో అతనికి తెలుసు. తన నేరానికి తన చేత్తో తనే సంతకం పెట్టి ఇచ్చుకున్నట్టే. కానీ పైన ఒక మనిషి ఆకు ముందు కూర్చుని ఎదురుచూస్తున్నాడు. అది సంచాలకుడైనా సరే, సన్యాసైనా సరే, ఆకు ముందు మనిషిని కూర్చోబెట్టి కాయించడమన్నది విస్సన్న వంశంలో లేదు. మీట నొక్కాడు.

"రెండో బంతికి పప్పు, పనసపొట్టు కూర బయల్దేరాయి. ఓవర్."

పైనుంచి పరంజ్యోతిగారి గొంతు పలికింది. మొదట గ్రాంథికంలో మొదలైంది, ఆకలి ముందు గ్రాంథికం ఎంతసేపు నిలుస్తుంది? "గారెలు పంపు, విస్సన్నా, గారెలు! ఆరు తక్కువొచ్చాయి! కడబంతిలో మనవాళ్ళున్నారు, చూసి వెయ్యమను! ఓవర్!"

అంతే, భోజనం నీళ్ళలా నడిచింది. సంచాలకులవారు బొబ్బట్టు మీద బొబ్బట్టు వేయించుకున్నారు. గోదావరిమీద లాంచీలు రేవు వదిలి ఆఫీసు వెనక మెట్లకి వచ్చి కట్టుకున్నాయి. డ్రైవర్లు కడబంతిలో కూర్చున్నారు. కింద గదిలో తాతబ్బాయి, తరంగ మౌనం భంగమైనదని, రెండు గొంతులూ స్పష్టంగా రికార్డు చేశాడు. అతని విధి వినుట.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరు సంబరపడింది. మీరూ అలాగే అనుకుంటున్నారేమో. ఆఫీసుల సంగతి తెలియక అనుకుంటారు. రికార్డు విన్న సంచాలకులవారు అక్కడికక్కడే తీర్పు చెప్పారు. ఒక గొంతు అధికారిది. ఇంతకాలము అసాధ్యమనుకున్న పరీక్షను ప్రాణములకు తెగించి స్వయముగా నిర్వహించినందుకు ఆయనకి ప్రశంస. రెండో గొంతు ముద్దాయిది. విచారణలో ఉండగానే, అదే పరికరముపై, అదే నేరమును మరల చేసినందుకు రుజువు పూర్తి. ప్రభుత్వ గారె ప్రజాసేవ, ప్రైవేటు గారె వ్యాపారం. పరంజ్యోతిగారి ఉద్యోగంలో ముందరున్న ఉప ఊడిపోయింది. ఊడిందంటే పోయిందని కాదు, పెద్ద తరంగాధికారి అయ్యారని.

అయితే సంచాలకులవారు ఉప్పు తిన్న మనిషి. పనసపొట్టు కూర మరిచిపోలేదు. ముద్దాయికి జైలు వద్దన్నారు, లైసెన్సు రద్దు చెయ్యొద్దన్నారు. పెద్ద రేడియో కూడా తిరిగి ఇచ్చెయ్యమన్నారు. ఇక ముందు ఎవరూ విప్పుటకు వీలులేని స్థితికి తెచ్చిన పిమ్మట, అని మాత్రం చివర చేర్చారు.

విస్సన్న ఆ రేడియోని కొత్తపెళ్ళికూతుర్ని దించినట్టు రిక్షాలోంచి దించుకున్నాడు. మోస్తుంటేనే బరువు తేడా తెలిసింది. బల్లమీద పెట్టి చూస్తే, మూత అంచుల్లోంచి ఎర్రగా కారి గడ్డకట్టి ఉంది. లక్క. ఆఫీసు సంచులకి ముద్ర వేసే లక్క. రేడియో లోపలంతా దాన్ని కరిగించి పోసి, పైన గుండ్రంగా ప్రభుత్వ ముద్ర కొట్టారు. దానికో చీటీ కూడా కట్టారు: ఈ పరికరము ఇకపై ఎట్టి నేరమునకూ అసమర్థము.

మీట నొక్కాడు. చుయ్యి మనలేదు. గోడమీద పటంలో పిలుపు పేరు అలాగే ఉంది, మాట్లాడుకోవడానికి పూర్తి అనుమతితో. కొత్తది కొనుక్కుందామంటే, మార్చడానికి వీల్లేదని ధ్రువపత్రమున్న రేడియోనే కొనాలట. అలాంటి రేడియో ఇంకా ఎవరూ పుట్టించలేదు. విస్సన్న ఆ లక్కని గోటితో గీకుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. మంగతాయారు చూసింది, చూడనట్టు పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

ఎవరెవరినో పట్టుకుని చిన్నారావు నంబరు సంపాదించి ఒకరోజు తెల్లవారగానే ఫోను చేసినది ఆమే. చేసి విస్సన్న చేతిలో పెట్టింది. బావా అన్నాడు విస్సన్న. బావా అన్నాడు అవతల చిన్నారావు. తరవాత ఇద్దరూ ఒక్కసారే మాట్లాడారు, ఇద్దరూ ఒక్కసారే ఆగారు. ఎవరి మాట ఎప్పుడు అయిందో తెలియదు, ఎవరి వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. నాలుగైదుసార్లు అలా గుద్దుకున్నాక, ఇక పెట్టేద్దామనుకునేసరికి విస్సన్న నోటివెంట అలవాటుగా జారింది.

"ఇవాళ కందా బచ్చలీ బావా. ఓవర్."

అవతల పెద్ద నవ్వు. ఆవ పెట్టావా, ఓవర్, అన్నాడు చిన్నారావు. అంతే, దారి దొరికింది. పొయ్యిమీద కూర మాడిపోతున్నా మంగతాయారు పిలవలేదు. ఆ రోజునుంచి రోజూ తెల్లవారగానే అదే వరస.

సరిగ్గా వారానికి తాతబ్బాయి గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో నోటీసు. టెలిఫోను తరంగము కూడా వాణిజ్య తరంగమే గనక, ఔత్సాహికులకు మాత్రమే చెందిన ఓవర్ అను పదమును దానిపై వినియోగించుట తీవ్ర నేరమని, ఈసారి నేరపరికరము ముద్దాయి నోరే గనక దానిని ఎందుకు పరీక్షకు స్వాధీనపరచుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెనని పెద్ద తరంగాధికారిగారు రాయించారు. చెప్పాను గదా, మొదటి నోటి సంగతి తరవాత చూద్దామని.

విస్సన్న చదివి నోరు మూసుకున్నాడు. లక్క రంగు గుర్తొచ్చి కాస్త గట్టిగానే మూసుకున్నాడు.

"ఇప్పుడు ఫోన్లు కూడా ఇనమన్నారండీ. విన్నది రాయకపోతే నా ఉద్యోగం పోద్దండీ," అన్నాడు తాతబ్బాయి తల వంచుకుని. "తమరి రేడియో ఆగిపోయిన కాడ్నించీ నా చెవి చచ్చిపోయిందండి. మళ్ళీ తమరి గొంతు ఇనపడేసరికి ఇనకుండా ఆగలేకపోయానండి. కందా బచ్చలి అన్నారు చూడండి, నా పెరుగన్నం గొంతు దిగలేదండి ఆ పూట."

తిట్టాలని నోరు తెరిచిన విస్సన్న ఆ మనిషి డొక్కల వంక చూశాడు. నోటీసు మడిచి లక్కరేడియో కింద పెట్టి, లోపలికి రమ్మన్నాడు. మంగతాయారు ఆకు వేసింది. విస్సన్న తనే వడ్డించాడు. అన్నం, కందా బచ్చలి, మీద నెయ్యి. తాతబ్బాయి ఇన్నేళ్ళూ చెవితో తిన్నదాన్ని మొదటిసారి నోటితో తింటున్నాడు, తల ఎత్తడం లేదు. విస్సన్న మారు వడ్డించాడు. మళ్ళీ వడ్డించాడు. నాలుగోసారి గరిటె వంగేసరికి తాతబ్బాయి ఆకుమీద రెండు చేతులూ అడ్డం పెట్టేశాడు.

"ఓవర్," అన్నాడు.

అని, ఇద్దరూ ఒక్కసారే వీధి తలుపు వంక చూశారు.